రేస్ కాలమ్ తీసేస్తే సరిపోదు: అమెరికా హెల్త్ డేటాలో పనిచేసేవాళ్ల కోసం

అమెరికా హాస్పిటళ్లకీ, ఇన్సూరెన్సు కంపెనీలకీ, కౌంటీ ఆరోగ్య శాఖలకీ డేటా పని చేసిపెట్టే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. కొందరు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో క్లయింట్ ఆఫీసులో ఉంటారు, కొందరు హైదరాబాద్‌లో సాయంత్రం షిఫ్టు చేస్తారు. వీళ్లకొచ్చే టికెట్లలో జాతి వివక్ష అన్న మాట కనిపించదు. ‘కేర్ మేనేజ్‌మెంట్ కోసం టాప్ మూడు శాతం మెంబర్ల లిస్టు తీయండి’, ‘రేస్ ఫీల్డ్‌లో నల్స్ ఉన్నాయి, చూడండి’, ‘జిప్‌కోడ్ వారీగా మ్యాప్ కావాలి’ అని ఉంటుంది. రెండు రోజుల పని. చేసి క్లోజ్ చేస్తాం.

ఏ పేటకి నర్సు వెళ్తుంది, ఎవరికి ఫోన్ వస్తుంది, ఎవరి పేరు లిస్టులో చేరుతుంది అన్నది తేలేది మాత్రం ఆ రెండు రోజుల్లోనే. గత కొన్నేళ్లలో బయటపడ్డ పెద్ద తప్పుల్లో చాలావాటికి మూలం ఎవరో చెడ్డ బుద్ధితో రాసిన కోడ్ కాదు. ఏం కొలవాలి, ఖాళీ గడిని ఏం చేయాలి, ఏ హద్దు గీయాలి అన్న మామూలు నిర్ణయాల్లోనే అవి పుట్టాయి. మనం రోజూ తీసుకునేవి కూడా ఇలాంటి నిర్ణయాలే. టికెట్ చేతికొచ్చినప్పుడు ఏం చూసుకోవాలో, తేడా కనబడితే ఆఫీసులో ఎలా చెప్పాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

మోడల్ ఊహించేది ఏమిటి, మనం వాడేది దేనికి?

2019 అక్టోబరులో జియాద్ ఓబర్‌మేయర్, సెంధిల్ ములైనాథన్, వాళ్ల సహచరులు ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లలో ఎవరికి అదనపు నర్సింగ్ సాయం, అదనపు అపాయింట్‌మెంట్లు ఇవ్వాలో తేల్చే ఒక కమర్షియల్ అల్గారిదాన్ని వాళ్లు పరీక్షించారు. ఆ కోవకి చెందిన సాఫ్ట్‌వేర్ ఏటా దాదాపు 20 కోట్ల మంది అమెరికన్లకి వర్తిస్తుందని అంచనా. రేస్ దాని ఇన్‌పుట్‌లలో లేదు. అయినా ఒకే స్కోరు వచ్చిన ఇద్దరిలో నల్లజాతి రోగికే జబ్బులు ఎక్కువగా ఉన్నాయి. ప్రోగ్రాంలో నేరుగా చేర్చుకునే 97వ పర్సంటైల్ దగ్గర చూస్తే, నల్లజాతి రోగులకి దీర్ఘకాలిక జబ్బులు శ్వేతజాతి రోగులకన్నా 26.3 శాతం ఎక్కువ.

కోడ్‌లో బగ్ లేదు. ఆ మోడల్ వచ్చే ఏడాది వైద్యానికయ్యే ఖర్చును ఊహిస్తుంది, ఆ పనిని బాగానే చేసింది కూడా. చిక్కంతా ఖర్చునే జబ్బు తీవ్రతగా లెక్కగట్టడంలో ఉంది. ఆకలిని హోటల్ బిల్లుతో కొలిస్తే, డబ్బుల్లేక తినకుండా వెళ్లినవాడు కడుపు నిండినవాడి కిందే లెక్క. దూరం, సెలవు దొరక్కపోవడం, డాక్టర్ల మీద నమ్మకం లేకపోవడం వంటి కారణాలతో అదే జబ్బున్న నల్లజాతి రోగులపై అయ్యే ఖర్చు తక్కువ. దాంతో స్కోరూ తక్కువే. ఆ తేడాను సరిచేస్తే అదనపు సాయం అందే నల్లజాతి రోగుల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని వాళ్లు లెక్క తేల్చారు. ఖర్చుతో పాటు ఆరోగ్య సూచికల్ని కూడా కలిపి టార్గెట్‌ని మార్చినప్పుడు పక్షపాతం 84 శాతం తగ్గింది.

అందుకే టికెట్ రాగానే ఒక వాక్యం రాసుకోండి: ‘ఈ మోడల్ ఊహించేది ఫలానా, ప్రోగ్రాం వాడుతున్నది ఫలానా అవసరానికి.’ రెండు ఖాళీల్లో ఒకే మాట పడకపోతే ఆగి చూడాల్సిందే. ఖర్చు ఒక్కటే కాదు, ఇలాంటివి ఇంకా ఉన్నాయి. అపాయింట్‌మెంట్‌కి రాకపోవచ్చని స్కోరు వచ్చినవాళ్లని ఓవర్‌బుక్ చేసిన స్లాట్‌లో పెడితే, గతంలో బస్సు దొరక్క రాలేకపోయినవాళ్లే ఇప్పుడు గంటలకొద్దీ కూర్చోవాలి. ఎమర్జెన్సీ విజిట్ల సంఖ్యని తీవ్రతగా తీసుకుంటే, అసలు హాస్పిటలే లేని కౌంటీ ఆరోగ్యంగా ఉన్నట్టు కనబడుతుంది.

పరీక్ష చేయడం కష్టమేమీ కాదు. స్కోరును పది బ్యాండ్లుగా విడగొట్టండి. ఒక్కో బ్యాండ్‌లో జాతి వారీగా అసలు ఆరోగ్యం ఎలా ఉందో చూడండి: జబ్బుల సంఖ్య, హెచ్‌బీఏ1సీ, బీపీ. ఒక్కో సమూహానికి ఒక గీత గీస్తే, ఆ గీతలు ఒకదాని మీద ఒకటి పడాలి. పడకపోతే ఏ గీత పైన ఉందో, ఎంత పైన ఉందో ఆ చార్టే చెబుతుంది. ఈ పని చేయాలంటే రేస్ కాలమ్ చేతిలో ఉండాలి. ‘న్యాయంగా ఉండాలని’ ఆ కాలమ్‌ని డేటా నుంచే పూర్తిగా తీసేసిన టీమ్‌కి తన తప్పు తెలుసుకునే దారి ఉండదు.

ఖాళీ గడులను ఏం చేస్తున్నాం?

2020 డిసెంబరు 14న అమెరికాలో కోవిడ్ టీకాలు మొదలయ్యాయి. మొదటి నెలలో దాదాపు 1.29 కోట్ల మందికి తొలి డోసు వేశారు. ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదన్న విషయం మీద దేశమంతా చర్చ నడుస్తోంది. సీడీసీ లెక్కలు తీస్తే జాతి వివరం తెలిసింది 51.9 శాతం మందిది మాత్రమే. మిగతా దాదాపు సగం ఖాళీ.

ఇలాంటి ఫైలు వచ్చినప్పుడు నల్స్ ఉన్న వరసలు తీసేసి శాతాలు కట్టడం చాలామందికి అలవాటు. అలా చేస్తే ‘తెలియనివాళ్లు కూడా తెలిసినవాళ్లలాంటివాళ్లే’ అని ఎవరూ ఒప్పుకోని ఒక ఊహని మనం రిపోర్టులోకి ఎక్కించినట్టే. దీనికి బదులు మూడు పనులు చేయొచ్చు.

ఒకటి, ‘తెలియదు’ అన్నదాన్ని దాచకుండా చార్టులో దానికో వరస ఇవ్వండి.

రెండు, ఆ ఖాళీలు ఎక్కడి నుంచి వస్తున్నాయో క్లినిక్ వారీగా, ఫీడ్ వారీగా లెక్కించండి. చాలాసార్లు ఒకటి రెండు రిజిస్ట్రేషన్ కౌంటర్లో, ఒక ఫార్మసీ ఫీడో కారణమవుతాయి. మోడల్‌తో నింపే ముందు ఆ కౌంటర్లో అడిగే పద్ధతి మారుతుందేమో చూడాలి.

మూడు, రెండు సోర్సులు రెండు రకాలుగా చెబితే, మనిషి స్వయంగా చెప్పుకున్నదానికే పెద్దపీట. చూసి రాసినది ఎంత తప్పుతుందో మరణ ధ్రువపత్రాలు చూపించాయి. అక్కడ జాతి రాసేది సాధారణంగా అంత్యక్రియలు నిర్వహించే సంస్థ. కుటుంబసభ్యుల్ని అడిగి రాయాలి, కొన్నిసార్లు చూసి రాసేస్తారు. సీడీసీ 2016లో వెలువరించిన విశ్లేషణ ప్రకారం, అమెరికా మూలవాసుల విషయంలో ఈ పొరపాటు 40 శాతం స్థాయిలో ఉంది. మరణాలు తక్కువగా కనబడిన చోట నిధులూ తక్కువే వస్తాయి.

ఖాళీలు నింపడానికి ఇంటిపేరు, అడ్రసు ఆధారంగా జాతిని అంచనా వేసే పద్ధతులున్నాయి. ర్యాండ్ సంస్థ రూపొందించిన బీఐఎస్‌జీ వాటిలో పేరున్నది. గుంపు స్థాయిలో అది పనికొస్తుంది. కానీ అది ఇచ్చేవి సంభావ్యతలు. వాటిలో పెద్దదాన్ని తీసుకుని ఒక్కో మనిషికి ముద్ర వేయకండి, సంభావ్యతల్ని అలాగే ఉంచి లెక్కలు కట్టండి. ఇందులోని తిరకాసు తెలుగువాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పాస్‌పోర్టు పుణ్యమా అని మనలో ఎందరికో సర్‌నేమ్ గడిలో సొంత పేరు పడి ఉంటుంది. గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన థామస్ గారింటిని ఆ లెక్క శ్వేతజాతి కుటుంబం అనుకునే అవకాశం ఎక్కువ. మన పేర్లకే ఇలా ఉంటే మిగతావాళ్ల పేర్ల దగ్గరా జాగ్రత్త అవసరమే.

ఒకే కుప్పలో ఎందరు?

1970 అమెరికా జనగణనలో భారతీయుల్ని శ్వేతజాతి కింద లెక్కించారు. ‘ఏషియన్ ఇండియన్’ అన్న గడి 1980లో వచ్చింది. ఇవాళ్టికీ చాలా డ్యాష్‌బోర్డులు చైనీయుల్ని, ఫిలిపినోల్ని, వియత్నామీయుల్ని, మనల్ని కలిపి ‘ఏషియన్’ అని ఒకే బార్ గీసేస్తాయి. ఆ బార్ సగటున ఆరోగ్యంగా కనబడుతుంది. లోపల మాత్రం మధుమేహం, గుండెజబ్బు దక్షిణాసియావాళ్లకి ఎక్కువ. ఆసియా అమెరికన్లకి మధుమేహ పరీక్ష విషయంలో బీఎంఐ 25 దాకా ఆగకుండా 23 నుంచే చూడాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో సూచించింది. 2018 కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు దక్షిణాసియా మూలాన్ని ముప్పు పెంచే అంశాల్లో చేర్చాయి. మీ స్క్రీనింగ్ ప్రోగ్రాం క్వెరీలో అందరికీ 25 అనే ఉంటే, మీ సొంత బాబాయి పేరు కూడా ఆ లిస్టులోకి రాకపోవచ్చు.

2024 మార్చిలో అమెరికా ప్రభుత్వం జాతి వివరాల సేకరణ ప్రమాణాన్ని మార్చింది. జాతి, హిస్పానిక్ మూలం అన్న రెండు ప్రశ్నల్ని ఒకే ప్రశ్నగా కలిపింది. మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా మూలాలవారికి వేరే వర్గం ఇచ్చింది, మొత్తం వర్గాలు ఏడయ్యాయి. ఉపవర్గాల వివరాలు సేకరించడాన్నే సాధారణ పద్ధతిగా పెట్టింది. మీరు టేబుల్ డిజైన్ చేస్తుంటే ఒక సూత్రం పాటించండి: వివరాన్ని వచ్చినది వచ్చినట్టు నిల్వ చేయండి, కుప్ప చేయడం రిపోర్టు దగ్గరే. కుప్ప చేసి నిల్వ చేసినదాన్ని మళ్లీ విడదీయలేం. ఒకరు రెండు మూడు గడులు టిక్ చేస్తే, అన్నీ నిలిచేలా స్కీమా ఉండాలి.

విడగొడితే సంఖ్యలు చిన్నవవుతాయి, మనుషుల్ని గుర్తుపట్టే ప్రమాదం వస్తుంది. మెడికేర్ డేటా నిబంధనల్లో 1 నుంచి 10 వరకు ఉన్న గడిని చూపించకూడదు. ఒక్క గడిని దాచి మొత్తాన్ని చూపిస్తే తీసివేతతో అది తెలిసిపోతుంది, కాబట్టి రెండో గడినీ దాచాలి. అంతమాత్రాన చిన్న సమూహాలన్నింటినీ ‘ఇతరులు’లో తోసేయనక్కర్లేదు. రెండు మూడు సంవత్సరాల డేటా కలిపితే సంఖ్య పెరుగుతుంది, సమూహం పేరూ నిలుస్తుంది.

మ్యాప్ మీద హద్దు ఎవరు గీశారు?

మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరంలో నల్లజాతివారు సగం కన్నా ఎక్కువ. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి ఆ నగరం తాగునీటిని ఫ్లింట్ నదికి మార్చుకుంది. పైపుల్లోని సీసం నీళ్లలోకి దిగింది. పిల్లల రక్తంలో సీసం పెరిగిందా అని చూసేటప్పుడు జిప్‌కోడ్ వారీ లెక్క వేస్తే తేడా పలచబడిపోతుంది. ఎందుకంటే ఫ్లింట్ పేరుతో ఉన్న జిప్‌కోడ్లు నగర హద్దులు దాటి, ఆ నీళ్లు తాగని శివార్లలోకి కూడా పాకి ఉన్నాయి.

పిల్లల డాక్టర్ మోనా హన్నా-అటీషా, భూగోళ నిపుణుడు రిచర్డ్ శాడ్లర్ ఇళ్ల అడ్రసుల్ని విడివిడిగా మ్యాప్ మీద పెట్టారు. అప్పుడు బొమ్మ స్పష్టమైంది. సీసం ఎక్కువగా ఉన్న పిల్లల శాతం నగరంలో 2.4 నుంచి 4.9కి, నీటిలో సీసం బాగా ఎక్కువున్న ప్రాంతాల్లో 4.0 నుంచి 10.6కి పెరిగింది. 2015 సెప్టెంబరులో ఆమె ఈ సంగతి బయటపెట్టినప్పుడు రాష్ట్ర అధికారులు మొదట కొట్టిపారేశారు, కొద్ది రోజుల్లోనే ఒప్పుకోక తప్పలేదు.

జిప్‌కోడ్ పోస్టాఫీసు సౌకర్యం కోసం పుట్టింది. మీరు వెతుకుతున్న కారణానికి ఏ హద్దు ఉందో మొదట అడగండి. నీటి సమస్యకైతే నీటి సరఫరా హద్దు, బడి టీకాలకైతే స్కూల్ డిస్ట్రిక్టు, పేదరికానికైతే సెన్సస్ ట్రాక్టు. అడ్రసుల్ని జియోకోడ్ చేసినప్పుడు మ్యాచ్ కానివి ఎన్నో, అవి ఎవరివో కూడా చూడండి. మొబైల్ హోమ్‌లలో ఉండేవాళ్లు, తమ రిజర్వేషన్ ప్రాంతాల్లో పోస్టు బాక్సు తప్ప వీధి అడ్రసు లేని మూలవాసులు, షెల్టర్లలో ఉండేవాళ్లు అక్కడే జారిపోతారు.

వయసుని కూడా మరవొద్దు. అమెరికాలో శ్వేతజాతి జనాభా సగటు వయసు ఎక్కువ, లాటినోలది తక్కువ. కోవిడ్ మరణాల్ని లక్షకింతమంది అని నేరుగా పోల్చితే అంతరం చిన్నగానో తలకిందులుగానో కనబడుతుంది, వయసు సవరణ చేశాకే అసలు అంతరం తేలుతుంది. రేటు ఇచ్చేటప్పుడు సవరించినదో కాదో చార్టు కిందే రాయండి.

రేస్ ఎక్కడ ఉండకూడదు?

కిడ్నీ పనితీరును లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ ఫార్ములాలో చాలా ఏళ్లు రేస్ ఒక గుణకంగా ఉంది. అంతకుముందు వాడిన ఫార్ములాలో నల్లజాతి రోగుల ఫలితాన్ని 1.212తో, 2009 నాటి దాంట్లో 1.159తో గుణించేవారు. అంటే అదే రక్త పరీక్ష, అదే వయసు, కానీ కాగితం మీద కిడ్నీ ఇంకాస్త బాగున్నట్టు కనబడేది. డయాలసిస్ మొదలుకానివారికి కిడ్నీ మార్పిడి కోసం వెయిటింగ్ లిస్టులో సమయం లెక్కలోకి రావాలంటే ఈజీఎఫ్ఆర్ 20 లేదా ఇంకా దిగువకు రావాలి. ఆ గుణకం వల్ల ఎందరో ఆలస్యంగా అక్కడికి చేరారు. 2021లో నిపుణుల కమిటీ రేస్ లేని ఫార్ములాను సిఫారసు చేసింది. 2022లో అమెరికా అవయవ మార్పిడి వ్యవస్థ పాత పద్ధతిని నిషేధించింది. 2023 జనవరి నుంచి, నష్టపోయినవారి నిరీక్షణ కాలాన్ని సవరించి కలపడం మొదలైంది.

డేటా వాళ్లకి ఇందులో ఒక పని ఉంది. మీ హిస్టరీ టేబుల్‌లో పాత ఫార్ములా విలువలూ కొత్తవీ ఒకే కాలమ్‌లో ఉండొచ్చు. వాటితో ట్రెండ్ గీస్తే నల్లజాతి రోగుల కిడ్నీలు హఠాత్తుగా పాడైనట్టు కనబడుతుంది. లెక్కగట్టిన విలువని పక్కనబెట్టి, అసలు క్రియాటినిన్ నుంచి అందరికీ కొత్త ఫార్ములాతో మళ్లీ లెక్కించండి.

పరికరం నుంచి వచ్చిన సంఖ్యనీ గుడ్డిగా నమ్మొద్దు. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు 92 నుంచి 96 చూపిస్తున్నా, ధమని రక్తంలో ఆక్సిజన్ 88 కన్నా తక్కువ ఉన్న సందర్భాలు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, శ్వేతజాతి రోగుల్లో 3.6 శాతమని 2020 డిసెంబరులో ‘న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చింది. మీ అలర్ట్ ఆ రీడింగ్ మీద ఆధారపడితే, ఆ తేడా మీ అలర్ట్‌లోకీ వచ్చేస్తుంది.

ఒక్క మాటలో చెప్పాలంటే, రేస్‌ని శరీర ధర్మంగా గుణకంలో పెట్టొద్దు. ఆ గుణకం నిజంగా అవసరమని ఎవరైనా అంటే వైద్య ఆధారం చూపించమని అడగండి. ఫలితాల్ని ఆడిట్ చేయడానికి మాత్రం దాన్ని తప్పకుండా దగ్గర ఉంచుకోండి.

ఆఫీసులో ఎలా చెప్పాలి?

మనలో చాలామంది కాంట్రాక్టు మీదో వీసా మీదో ఉంటాం. ‘మీ మోడల్ రేసిస్టు’ అని మీటింగ్‌లో అనక్కర్లేదు, అంటే ఎవరూ వినరు కూడా. డేటా నాణ్యత సమస్యగా చెప్పండి. సంఖ్య, దాని ప్రభావం, మార్గం, ఈ వరసలో: ‘ఈ స్కోరు బ్యాండ్‌లో రెండు సమూహాల సగటు జబ్బుల సంఖ్యలో ఇంత తేడా ఉంది. దీనివల్ల ఇంతమంది లిస్టుకి బయట ఉండిపోతున్నారు. టార్గెట్ మార్చితే లిస్టు ఇలా మారుతుంది. నిర్ణయం క్లినికల్ టీమ్ తీసుకోవాలి.’ దీన్ని చాట్‌లో కాకుండా టికెట్‌లోనే రాయండి. చాట్ మరుగున పడుతుంది, టికెట్ రికార్డుగా మిగులుతుంది. మొదట ప్రొడక్ట్ ఓనర్‌కి, తర్వాత క్లినికల్ లీడ్‌కి, అప్పటికీ కదలకపోతే కంప్లయన్స్‌కి.

కంప్లయన్స్ వాళ్లు వినడానికి కారణం ఉంది. అఫర్డబుల్ కేర్ చట్టం సెక్షన్ 1557 కింద 2024 మేలో వచ్చిన నిబంధన, రోగి సంరక్షణ నిర్ణయాలకు వాడే సాధనాల్లో జాతి తదితర వివక్ష ముప్పుని గుర్తించి తగ్గించే ప్రయత్నం చేయాలంది. ఆ బాధ్యత 2025 మే నుంచి అమలయ్యేలా పెట్టింది. ప్రభుత్వాలు మారితే నిబంధనలూ మారుతుంటాయి కనుక, ఇవాళ ఏది అమల్లో ఉందో వాళ్లనే అడగండి. కొన్ని చోట్ల జాతిని బట్టి ప్రభుత్వ వనరులు పంచడానికి చట్టపరమైన చిక్కులున్నాయి. కాలిఫోర్నియాలో 1996 నాటి ప్రపొజిషన్ 209ని దృష్టిలో పెట్టుకుని ప్రాంతాల జీవన పరిస్థితుల్ని కొలిచే ‘హెల్తీ ప్లేసెస్ ఇండెక్స్’ని జాతి లేకుండా తయారు చేశారు. 2021 మార్చిలో ఆ సూచికలో అట్టడుగు పావు వంతు ప్రాంతాలకే 40 శాతం కోవిడ్ టీకాలు కేటాయించారు. పంపకం ప్రాంతాన్ని బట్టి, ఆడిట్ జాతిని బట్టి. రెండూ వేర్వేరు పనులని తెలిస్తే దారి దొరుకుతుంది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఇంకో అడ్డంకి. రోగుల వివరాలు దేశం దాటకూడదని చాలా క్లయింట్ కాంట్రాక్టుల్లో ఉంటుంది. మాస్క్ చేసిన డేటాలో రేస్ కాలమ్ కూడా పోతుంది. అప్పుడు ఆడిట్ క్వెరీని మీరు రాసి పంపండి, అమెరికా టీమ్‌ని నడిపించమనండి, మొత్తం లెక్కలు మాత్రమే తెప్పించుకోండి. ఎంత మంచి ఉద్దేశమైనా రోగుల డేటాని స్క్రీన్‌షాట్ తీయడం, వాట్సాప్‌లో పెట్టడం, కంపెనీ అనుమతి లేని ఏఐ టూల్‌లో అతికించడం పనికిరాదు. ఉద్దేశం మంచిదని రోగుల గోప్యతని కాపాడే హిపా చట్టం మినహాయింపు ఇవ్వదు.

బయటికి చెప్పకపోయినా మనసులో మెదిలే మాట ఒకటుంది: ‘వాళ్లే డాక్టర్ దగ్గరికి వెళ్లరు, మనమేం చేస్తాం?’ అంతరం కనబడగానే ఈ జవాబు తేలిగ్గా వచ్చేస్తుంది. డేటా మనిషైతే దాన్నీ ఒక పరికల్పనలాగే పరీక్షించాలి. దగ్గర్లో క్లినిక్ ఎన్ని మైళ్లు, సాయంత్రం స్లాట్లు ఉన్నాయా, మెడికెయిడ్ తీసుకునే డాక్టర్లెందరు, ఫోన్ నంబరు పనిచేస్తోందా? ఈ నాలుగు కాలమ్‌లు కలిపి చూశాక ‘వెళ్లరు’ అన్న మాట ఎంత నిలబడుతుందో చూడండి. కుదిరితే ఆ పేటలో తిరిగే కమ్యూనిటీ హెల్త్ వర్కర్‌ని అరగంట కాల్‌కి పిలవండి. మీ జాయిన్‌లో లేని కారణం ఆమెకి తెలిసే ఉంటుంది.

కెరీర్ సంగతి

ఈ నైపుణ్యానికి ఉద్యోగ విలువ కూడా ఉంది. ఓబర్‌మేయర్ బృందం 2021లో షికాగో యూనివర్సిటీ బూత్ స్కూల్ ద్వారా ‘అల్గారిథమిక్ బయాస్ ప్లేబుక్’ని ఉచితంగా విడుదల చేసింది. మొదట వాడుతున్న అల్గారిదాల జాబితా, తర్వాత పరీక్ష, సవరణ, మళ్లీ జరగకుండా ఏర్పాటు: ఇవే మెట్లు. మీ టీమ్‌లో ఆ మొదటి జాబితా ఉందా అని అడగండి, లేకపోతే తయారు చేసే బాధ్యత తీసుకోండి. రెజ్యూమెలో ‘ఈక్విటీ పట్ల ఆసక్తి’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ‘రిస్క్ స్కోరును సమూహాల వారీగా కాలిబ్రేషన్ పరీక్ష చేశాను, టార్గెట్ మార్పు సూచించాను’ అని రాస్తే ఇంటర్వ్యూలో దాని గురించే అడుగుతారు.

ఈ వారం చేయగలిగింది ఒకటుంది. మీ చేతిలో ఉన్న టికెట్ యాక్సెప్టెన్స్ క్రైటీరియాలో ఒక వాక్యం చేర్చమని అడగండి: ‘ఫలితాన్ని, తెలియనివారిని కూడా కలిపి, సమూహాల వారీగా చూపించాలి.’ ఒప్పుకుంటే ఆ పరీక్ష ఇకపై మీ మంచితనం మీద ఆధారపడదు, పనిలో భాగమైపోతుంది. మీరు ప్రాజెక్టు మారినా నడుస్తుంది. ఒప్పుకోకపోతే, ఎందుకు వద్దన్నారో టికెట్‌లో రాసి ఉంటుంది, రేపు ఆడిటర్ అడిగినప్పుడు ఆ జవాబు వాళ్లే చెప్పుకోవాలి.